ప్రైవేట్ నంబర్ ఎంత?

పోయిన నవంబర్లో ఒక ఆదివారం పొద్దున నాన్న వీడియో కాల్ చేశాడు. ఎప్పటిలాగే ఆయన ముఖం కనిపించలేదు. సగం నుదురు, దాని వెనక తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. "అమ్మాయ్, రెండు మెసేజ్‌లు వచ్చినయ్. ఒకటి అసలుది, ఒకటి దొంగది. ఏది ఏదో నేను కనిపెట్టేశా. నువ్వు ఊరికే దిద్దితే చాలు" అన్నాడు.

ఆయనకి స్క్రీన్‌షాట్ తియ్యడం రాదు. అమ్మ ఫోన్‌తో తన ఫోన్‌ని ఫోటో తీసి పంపిస్తాడు. రెండు ఫోటోల్లోనూ కింద బొటనవేలు, పక్కన కాఫీ గ్లాసు.

మొదటిది వాట్సాప్‌లో వచ్చింది. పైన మూడు సింహాల గుర్తు. కింద చక్కని తెలుగు. "గౌరవనీయులైన పెన్షనర్ గారికి నమస్కారం" అని మొదలైంది. ఆయన పెన్షన్ ఆర్డర్ నంబర్, పుట్టిన తేదీ, రిటైరైన తేదీ, మూడూ కరెక్టే. నెలాఖరులోపు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుందని, పెద్దవాళ్లు బ్యాంకు చుట్టూ తిరిగే పని లేకుండా ఇంట్లోంచే పూర్తి చేసుకునే ఏర్పాటు చేశామని, మా సిబ్బంది ఫోన్ చేసినప్పుడు సహకరించగలరని ఉంది. వెతికినా ఒక్క అక్షరదోషం లేదు.

రెండోది మామూలు ఎస్సెమ్మెస్, ఇంగ్లీషులో. డియర్ కస్టమర్ అనడమే తప్ప పేరు లేదు. కేవైసీ గడువు అయిపోయిందట, వెంటనే అప్‌డేట్ చెయ్యకపోతే లావాదేవీలు ఆగిపోతాయట. చివర్లో ఒక పొట్టి లింకు, అందులో అర్థంపర్థం లేని అక్షరాల కలగాపులగం. పంపినవాడి పేరు ఉండాల్సిన చోట రెండు అక్షరాలు, అడ్డగీత, ఆరు అక్షరాలు, మళ్లీ అడ్డగీత, ఇంకో అక్షరం. ఆ ఆరు అక్షరాల్ని ఎటు తిప్పి చదివినా ఆయన ఖాతా ఉన్న బ్యాంకు పేరు రాదు.

"మొదటిది అసలుది, రెండోది దొంగది. వాడు నన్ను గారు అన్నాడు, వీడు బెదిరిస్తున్నాడు" అని తీర్పు చెప్పాడు నాన్న.

తీర్పు సరిగ్గా తలకిందులు. లైఫ్ సర్టిఫికెట్ మెసేజ్ దొంగది. ఆ వంకర ఎస్సెమ్మెస్ నిజంగా బ్యాంకుదే.

ఈ తప్పు మాత్రం ఆయనది కాదు, నాది. అంతకుముందు సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నేనే ఆయనకి క్లాసు తీసుకున్నాను. ఐటీ కంపెనీలో పదహారేళ్లుగా పనిచేస్తున్నదాన్ని, ఏటా ఆఫీసులో సైబర్ సెక్యూరిటీ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకునేదాన్ని, ఆ మాత్రం చెప్పలేనా అనుకున్నా. అరుగు మీద కూర్చుని అరిసె తింటూ చెప్పా. పంపినవాడి పేరు చూడు నాన్నా, కాస్త తేడాగా ఉన్నా నమ్మకు. అక్షరదోషాలుంటే దొంగ. నీ వివరాలు లేకుండా డియర్ కస్టమర్ అంటే దొంగ. తొందరపెడితే దొంగ. లింకు ఉంటే దొంగ. ఆయన అవన్నీ పాత డైరీలో రాసుకున్నాడు. పది నెలల తర్వాత ఆ డైరీ ముందేసుకుని, ఒక్కో లక్షణానికి టిక్కు పెట్టుకుంటూ పోయి, బ్యాంకువాణ్ణి దొంగని, దొంగని పెన్షన్ ఆఫీసరని తేల్చాడు. లెక్క చెయ్యడంలో ఎక్కడా తప్పలేదు. నేనిచ్చిన సూత్రమే తప్పు.

అప్పట్నుంచి నాకో ప్రశ్న పట్టుకుంది. పంపినవాడు ఎవరో కనిపెట్టే పని అందుకున్నవాడి నెత్తిన ఎందుకు పడింది?

అసలు పంపినవాడి పేరు అంటే ఏమిటి? ఇన్‌లాండ్ లెటర్ కాలం గుర్తున్నవాళ్లకి ఇది చెప్పడం తేలిక. తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది అనే పొడుపుకథలో ఉన్న పిట్ట అదే. దాని వెనక "పంపువారు" అని రాసి కింద గీతలుండేవి. ఆ గీతల మీద ఎవరి పేరు రాసినా పోస్టాఫీసు అడగదు. వాళ్లకి కావాల్సింది ముందువైపున్న చిరునామా ఒక్కటే. ఇంటర్లో మా రూమ్మేట్ ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు రాసినట్టు తనే ఒక ఉత్తరం రాసి, హాస్టల్ గేటు బయట ఎర్రడబ్బాలో వేసి, అది వార్డెన్‌కి అందాక దసరా సెలవులకి నాలుగు రోజుల ముందే ఇంటికి చెక్కేసింది. ఉత్తరం మీద పోస్టాఫీసు ముద్ర మా హాస్టల్ ఉన్న ఊరిదే! వాళ్ల నాన్న ఉండేది ఇంకో జిల్లాలో. వార్డెన్ సంతకం చూసింది కానీ ముద్ర చూడలేదు.

ఈమెయిల్ పుట్టిందే ఆ పద్ధతిలో. 1982లో ఈమెయిల్ రవాణాకి నియమాలు రాసుకున్నప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నది కొద్దిపాటి యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు. అందరూ దాదాపు తెలిసినవాళ్లే. కాబట్టి పంపేవాడు తన పేరు తనే రాసుకుంటాడు, అవతలి సర్వర్ తలూపి తీసుకుంటుంది. కవరు మీద ఒక చిరునామా, లోపలి కాగితం మీద ఇంకో పేరు ఉన్నా పట్టించుకోదు. మన కంటికి కనిపించేది లోపలి కాగితం మీద పేరు. తర్వాత ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు రకాల ముద్రలు కనిపెట్టారు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్దఎత్తున మెయిళ్లు పంపేవాళ్లందరికీ ఆ ముద్రలు తప్పనిసరి చేశాయి. జీమెయిల్‌ని కంప్యూటర్లో తెరిస్తే, మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి, అసలు రూపం చూపించు అన్న ఆప్షన్ ఎంచుకుంటే ఆ మూడూ పాసయ్యాయో ఫెయిలయ్యాయో కనిపిస్తుంది. మా వార్డెన్ చూడకుండా వదిలేసిన ముద్ర అది.

అయితే ముద్ర చెప్పేది ఒక్కటే, ఈ ఉత్తరం నిజంగా ఫలానా ఊరి నుంచే వచ్చిందని. ఆ ఊళ్లో ఉండేది మంచివాడా దొంగా అన్నది దానికి తెలియదు. దొంగ కొన్ని వందలు పెట్టి సొంతంగా ఒక డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో ఒక చిరునామా, కొనుక్కుంటే, దాని నుంచి వచ్చే ప్రతి మెయిలూ మూడు పరీక్షలూ పాసవుతుంది, డిస్టింక్షన్‌లో.

డొమైన్ చదవడం మాత్రం ఎవరికైనా నేర్పదగిన విద్యే. మన పోస్టల్ అడ్రస్ లాగా చివర్నుంచి చదవాలి. డోర్ నంబరు, పక్కన చార్మినార్ వీధి అని రాసి, కింద శ్రీకాకుళం జిల్లా పిన్‌కోడ్ వేస్తే ఆ ఉత్తరం హైదరాబాద్ వస్తుందా? లింకూ అంతే. మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే జంట గీతల్ని వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత వచ్చేదాకా చూసి, అక్కడి నుంచి వెనక్కి నడవాలి. ఆ చివరి రెండు మూడు ముక్కలే జిల్లా, పిన్‌కోడ్. ముందున్నవన్నీ వీధి పేర్లు. వీధికి ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు. పెద్ద బ్యాంకు పేరు మొదట్లో ఉండి, చివర్లో కేవైసీ అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్ అని ఉంటే, అది ఎక్స్‌వైజెడ్ జిల్లాలో దొంగ వేసిన వెంచర్లో బ్యాంకు పేరు పెట్టిన వీధి. ఇక అక్షరాల మాయ ఒకటి. మన ధ, థ మధ్య చుక్కే తేడా. చత్వారం వచ్చిన కళ్లకి ఆ చుక్క ఉన్నట్టా లేనట్టా? ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన చిన్న అక్షరాల్లో పెడితే ఎమ్ లాగే ఉంటుంది. నాకు నలభై రెండు, నాకే అద్దాలు తుడుచుకుంటే గానీ తెలియదు. డెబ్భై నాలుగేళ్ల మనిషిని, వంటింట్లో నిలబడి ఆరంగుళాల తెర మీద, ఆ చుక్క కనిపెట్టమంటున్నాం. పైగా ఫోన్‌లో మెయిల్ తెరిస్తే అడ్రస్ కనపడదు, పెట్టుకున్న పేరు ఒక్కటే కనపడుతుంది. తయారుచేసినవాళ్లే దాచిపెట్టి, చూసుకోకపోవడం నీ తప్పంటారు.

ఎస్సెమ్మెస్ దగ్గర మన దేశం నిజానికి కాస్త మంచి పనే చేసింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఏ సంస్థ అయినా మెసేజ్‌లు పంపాలంటే తన హెడర్‌ని, అంటే ఆ ఆరక్షరాల పేరుని, రిజిస్టర్ చేసుకోవాలి. ముందున్న రెండు అక్షరాల్లో మొదటిది ఏ కంపెనీ నెట్‌వర్క్, రెండోది ఏ టెలికాం సర్కిల్ అన్నది. అందుకే ఒకే బ్యాంకు ఒకరోజు ఒక రెండక్షరాలతో, ఇంకోరోజు వేరే రెండక్షరాలతో వస్తుంది. 2025లో చివర ఇంకో అక్షరం చేర్చారు. పి అంటే ప్రకటన, ఎస్ అంటే సర్వీసు, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. 2024 అక్టోబర్ నుంచి ముందుగా ఆమోదం పొందని లింకులున్న సంస్థల మెసేజ్‌లని ఆపెయ్యడం కూడా మొదలైంది. ఏ హెడర్ ఎవరిదో ట్రాయ్ పోర్టల్లో వెతికి చూసుకోవచ్చు. నాన్నకి వచ్చిన ఎస్సెమ్మెస్ బ్యాంకుదేనని నేను తేల్చింది అలాగే. పాతిక నిమిషాలు పట్టింది, అది కూడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే.

మరి ఇంత ఏర్పాటు చేసి, ఈ సంగతి జనానికి ఎవరైనా చెప్పారా? పి, ఎస్, టి, జి గురించి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే నూటపన్నెండు మందిలో ఇద్దరికి తెలుసు. ఒకాయన టెలికాంలోనే పనిచేస్తాడు. ఒక్క గీటురాయి మాత్రం మిగతా అందరికీ ఉపయోగపడుతుంది. పదంకెల మామూలు సెల్ నంబర్ నుంచి బ్యాంకు పేరుతోనో కరెంటాఫీసు పేరుతోనో మెసేజ్ వస్తే, ఇక చదవక్కర్లేదు.

కరెంటంటే గుర్తొచ్చింది. ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేస్తాం, పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, వెంటనే మా ఎలక్ట్రిసిటీ ఆఫీసర్‌కి ఫోన్ చెయ్యండి అనే మెసేజ్ దేశమంతా తిరిగింది, మీకూ వచ్చే ఉంటుంది. మా అమ్మకి వచ్చినప్పుడు ఆవిడ హెడర్ చూడలేదు, స్పెల్లింగ్ చూడలేదు. "ఎలక్ట్రిసిటీ ఆఫీసర్ ఎవడే? లైన్‌మన్ ఉంటాడు, ఏఈ ఉంటాడు. రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చి ఫ్యూజు పీకే లైన్‌మన్ని నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళా. తుఫానుకి వైరు తెగితేనే పొద్దున దాకా రాడు" అని డిలీట్ చేసింది. నాకు తెలిసిన సైబర్ సెక్యూరిటీ పాఠాల్లో ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు. మారీచుడు రాముడి గొంతుతో అరిచినప్పుడు లక్ష్మణుడు గొంతుని పట్టుకుని వేలాడలేదు, రాముడు అలా అరవడని తెలుసు గనక కదల్లేదు అని కూడా అంది అమ్మ. ఆ తర్వాత సీతమ్మ మాట పడలేక వెళ్లాల్సొచ్చింది కదా అంటే, "తొందరపెట్టేవాళ్లు పక్కనే ఉంటారుగా మరి" అంది.

ఇక నా గొప్ప కూడా చెప్పుకోవాలి. రెండేళ్ల కిందట పాప పుట్టినరోజుకి ఒక బొమ్మ ఆర్డరు పెట్టి ఎదురుచూస్తున్నా. మీ అడ్రస్ అసంపూర్తిగా ఉన్నందున పార్సెల్ గోడౌన్లో ఆగిపోయింది, 25 రూపాయలు కట్టి సరిచేసుకోండి అని మెసేజ్ వచ్చింది. ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా, కెమెరా ఆఫ్. పంపిన నంబర్ విదేశీ కోడ్‌తో మొదలవుతోంది. చూశాను, కనపడింది, బుర్రకెక్కలేదు. పార్సెల్ నిజంగానే రావాల్సి ఉంది కదా! కార్డు నంబర్ కొట్టాను, వెనకున్న మూడంకెలు కొట్టాను. ఓటీపీ వచ్చింది. కొట్టబోతూ, ఎందుకో ఆ ఓటీపీ మెసేజ్ మొదటి నుంచి చదివాను. అందులో 25 రూపాయలు లేవు. వేరే దేశపు కరెన్సీలో ఏదో మొత్తం, ఎప్పుడూ వినని దుకాణం పేరు. వేళ్లు చల్లబడిపోయాయి.

ఇందులో తమాషా గమనించారా? ఆ ఓటీపీ మెసేజ్ పంపింది నా అసలైన బ్యాంకే. హెడర్ కరెక్టు, అక్షరం కరెక్టు. దొంగ అడిగిన తాళం చెవిని నిజమైన బ్యాంకు నిజమైన హెడర్‌తో తెచ్చి నా చేతికిచ్చింది. పంపినవాడు అసలైనవాడేనా అన్న ప్రశ్నకి ఆ క్షణంలో జవాబు అవును. నన్ను కాపాడింది పంపినవాడి పేరు కాదు, లోపల రాసి ఉన్న మొత్తం. మనలో ఎంతమందిమి ఓటీపీ మెసేజ్‌లో ఆరంకెలు తప్ప మిగతాది చదువుతాం? ఫోన్లయితే ఆ అంకెల్ని వాటంతటవే గళ్లలో నింపేస్తున్నాయి కూడా, చదివే శ్రమ మనకెందుకని.

పెళ్లి శుభలేఖల సంగతి ఇంకా ఘోరం. మాఘమాసంలో వరసగా ముహూర్తాలున్నప్పుడు వాట్సాప్‌లో శుభలేఖలు కుప్పలుగా వస్తాయి. వాటి మధ్యలో ఏపీకే అనే తోక ఉన్న ఫైలు ఒకటి. నొక్కితే శుభలేఖ తెరుచుకోదు, ఒక యాప్ ఫోన్‌లోకి చొరబడి ఎస్సెమ్మెస్‌లు చదవడం మొదలెడుతుంది. ట్రాఫిక్ చలాన్ అనే పేరుతోనూ ఇదే ఫైలు తిరుగుతుంది. అలాంటిది పంపేది ఎవరో తెలియనివాడైతే బాగుండును. మా చిన్నాయన నంబర్ నుంచే వచ్చింది నాకు. ఆయన ఫోటో, ఆయన నంబర్, నిన్న ఆయన పంపిన గుడ్ మార్నింగ్ కింద. ఆయన ఫోన్ అప్పటికే పట్టుబడిపోయింది, ఆయనకి తెలియకుండా కాంటాక్టులందరికీ శుభలేఖలు పంచిపెడుతోంది. ఇప్పుడు చెప్పండి, పంపినవారిని చూసి నమ్మండి అన్న సలహాకి విలువెంత?

ఇదంతా నాన్నకి ఫోన్‌లో చెబుతుంటే మధ్యలో ఆపాడు. "ప్రైవేట్ నంబర్ లేదా మీకు?" అన్నాడు.

నాన్న రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా రిటైరయ్యాడు. ఉద్యోగంలో సగం కాలం గిద్దలూరు, కంభం వైపు సింగిల్ లైన్ స్టేషన్లలోనే గడిచింది. నా చిన్నతనం ఆ క్వార్టర్స్‌లోదే. రాత్రి డ్యూటీలో అన్నం క్యారేజీ తీసుకెళితే, టేబుల్ మీద ఫోన్ పక్కన ఒక కాగితం ఉండేది. దాని నిండా రెండంకెల సంఖ్యలు, వరసాపాడూ లేకుండా. పక్క స్టేషన్‌కి లైన్ క్లియర్, అంటే బండి పంపొచ్చన్న అనుమతి, ఇచ్చినా, గేట్‌మన్ గేటు వేశానని చెప్పినా, ఊరికే మాట సరిపోదు. తన షీటులోంచి ఒక నంబర్ చెప్పాలి, ప్రైవేట్ నంబర్ అంటే అదే, ఇద్దరూ రిజిస్టర్లో రాసుకోవాలి, వాడిన నంబర్ని అక్కడే కొట్టెయ్యాలి. అటువాళ్ల నంబర్ ఇటు, ఇటువాళ్లది అటు. నాకు అర్థంకాని వయసులో అది ఏదో ఆటనుకునేదాన్ని. ఇవతల "నలభై మూడు" అంటే అవతలి గొంతు "నాలుగు, మూడు, నలభై మూడు" అనేది.

"గొంతు తెలిసినవాడే. పదేళ్లుగా రోజూ మాట్లాడేవాడే. అయినా నంబర్ లేకుండా బండి వదలం. ఎందుకో తెలుసా? వాడు దొంగని కాదు. నంబర్ చెప్పాడంటే గేటు వేశానన్న మాట వాడి మెడకి చుట్టుకున్నట్టు. రేపు ఏదన్నా అయితే రిజిస్టర్ తీస్తారు. ఎవడు మాటిచ్చాడో అక్కడుంటది" అన్నాడు నాన్న.

ఆ మాట నాకు పది సైబర్ సెక్యూరిటీ కోర్సుల్లో దొరకలేదు. ఓటీపీని మనం భద్రత అనుకుంటున్నాం. ఓటీపీ ఎవరు ఎవరికి చెబుతారు? మనం బ్యాంకుకి. పుట్టినతేదీ, అమ్మ పుట్టింటి పేరు, కార్డు చివరి నాలుగంకెలు, అన్నీ మనమే చెబుతాం, మేం మేమేనని రుజువు చేసుకోవడానికి. బ్యాంకు తాను బ్యాంకేనని మనకి ఏనాడు రుజువు చూపించింది? రైల్వేలో ఇద్దరు చెప్పుకునేది ఇక్కడ ఒకవైపే నడుస్తోంది. ఆ రెండోవైపున్న ఖాళీలోకే దొంగ దూరుతున్నాడు.

బాధ్యత సంగతీ అంతే. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ మనదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే కస్టమర్‌కి నష్టం ఉండకూడదు. మంచిదే. కానీ ఓటీపీ, పిన్ లాంటివి మనమే చెప్పేశాం అంటే అది మన నిర్లక్ష్యం, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మన నెత్తినే. దొంగ నిజమైన బ్యాంకులా కనిపించడం వల్ల చెప్పాను అంటే వినేవాడు లేడు. ఆ కనిపించడం అన్నది ఎవరి వల్ల సాధ్యమైందో ఎవరూ అడగరు. బ్యాంకులే పొట్టి లింకులు పంపిస్తే, బ్యాంకులే ఇప్పుడే చెయ్యకపోతే ఖాతా ఆగిపోతుంది అని రాస్తే, దొంగ కొత్తగా నేర్చుకునేది ఏముంది? మనల్ని తయారుచేసి పెట్టేది వీళ్లు, కోసుకుపోయేది వాళ్లు.

సాధ్యం కాదా అంటే, సింగపూర్‌లో అయింది. 2021 డిసెంబర్లో అక్కడ ఓసీబీసీ బ్యాంకు కస్టమర్లకి దొంగ ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. పంపినవాడి పేరు బ్యాంకుదే పెట్టడంతో, ఫోన్లు వాటిని తీసుకెళ్లి బ్యాంకు పాత మెసేజ్‌ల వరసలోనే పెట్టాయి. పైన నిన్నటి అసలు మెసేజ్, కింద ఇవాళ్టి దొంగ మెసేజ్. దాదాపు 790 మంది 1 కోటి 37 లక్షల సింగపూర్ డాలర్లు పోగొట్టుకున్నారు. అక్కడ ప్రభుత్వం జనాన్ని జాగ్రత్తగా చదవమని చెప్పి ఊరుకోలేదు. బ్యాంకులు ఎస్సెమ్మెస్‌లలో, మెయిళ్లలో నొక్కే లింకులు పెట్టడం మానెయ్యాలంది. 2023 జనవరి నెలాఖరు నుంచి, పేరు రిజిస్టర్ చేసుకోని సంస్థల మెసేజ్‌ల మీద ఇది మోసం కావచ్చు అన్న ముద్ర పడుతోంది. బ్యాంకు కూడా బాధితులకి పోయిన డబ్బంతా ఇచ్చింది. మా పెదనాన్న కొడుకు అక్కడే ఉంటాడు. "ఇక్కడ బ్యాంకు ఎస్సెమ్మెస్‌లో లింకు కనపడితే ఇంకేం చూడక్కర్లేదక్కా, దొంగదే" అంటాడు. నేను నాన్నకి చెప్పిన సూత్రమే అది. అక్కడ పనిచేస్తుంది, ఇక్కడ చెయ్యదు, ఎందుకంటే అక్కడ పంపేవాళ్లు కూడా దాన్ని పాటిస్తున్నారు. బ్రిటన్ ఇంకో అడుగు వేసింది. 2024 అక్టోబర్ 7 నుంచి, మోసపోయి మనమే డబ్బు పంపినా 85 వేల పౌండ్ల వరకు తిరిగివ్వాలి. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. జేబులోంచి పోతుందంటే ఎవరికైనా శ్రద్ధ పుడుతుంది.

మన దగ్గర కదలిక లేదని అనను. రిజర్వ్ బ్యాంకు బ్యాంకులన్నిటినీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకి మారమంది, 2025 అక్టోబర్ నెలాఖరు గడువు పెట్టి. ఆ చిరునామా బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇచ్చేది హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ, రిజర్వ్ బ్యాంకు పెట్టిన సంస్థ. నాన్నకి చెబితే వెంటనే పట్టేశాడు. "అంటే ఆ ఊళ్లో బ్యాంకోళ్లకి తప్ప ఇల్లు అద్దెకివ్వరు." అంతే. బ్యాంకుల సర్వీసు కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లూ అలాంటివే. ఇవి పంపేవాడి మీద పెట్టిన షరతులు కాబట్టి నాకు నచ్చాయి. వీటి గురించి బ్యాంకు గోడ మీద పోస్టర్ ఎప్పుడు చూస్తానో.

ఈలోపు నేను డైరీలో పాత సూత్రాలన్నీ కొట్టేయించి ఒకటే రాయించాను. మెసేజ్ చూపించిన దారిలో వెళ్లొద్దు, నీకు తెలిసిన దారిలో వెళ్లు. పాస్‌బుక్ మీదున్న నంబర్‌కి నువ్వే ఫోన్ చెయ్యి, యాప్ నువ్వే తెరువు, లేదంటే ఆటో ఎక్కి బ్రాంచికి వెళ్లు. మెసేజ్ నిజమైతే పని అక్కడా అవుతుంది, దొంగదైతే అక్కడికి రాదు. పొరపాటున డబ్బు పోతే ఎవరికి చెప్పాలా, ఏమనుకుంటారోనని కూర్చోకుండా 1930కి ఫోన్ చెయ్యమని కూడా రాయించా. చదువుకున్నదానివి ఎలా మోసపోయావ్ అనే మాట భయానికి పూటంతా నోరు మెదపనివాళ్లు నాకు తెలుసు. ఆ పూటలోనే డబ్బు నాలుగు ఖాతాలు మారి పోతుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం పెన్షన్ ఆఫీసు సిబ్బంది ఫోన్ చేశాడు, చెప్పినట్టే. నాన్న ఫోన్ స్పీకర్లో పెట్టి అమ్మ ఫోన్‌తో నన్ను కూడా లైన్లో పెట్టాడు. అవతలివాడు చాలా మర్యాదగా నాన్న సర్వీసు వివరాలన్నీ చదివి, మీకొక ఓటీపీ వస్తుంది సార్ అన్నాడు.

"ముందు మీ ప్రైవేట్ నంబర్ ఎంత?" అన్నాడు నాన్న.

"ఏ ప్రైవేట్ నంబర్ సార్?"

"షీటు నీ దగ్గరుండాలయ్యా. డ్యూటీలో ఉన్నోడివి."

"సార్, ఓటీపీ మీరు చెప్పాలి, మేం చెప్పం."

"రెండు వైపులా చెప్పుకోకపోతే బండి కదలదు" అని పెట్టేశాడు. అరగంట నవ్వుకున్నాం.

డిసెంబర్ రెండో వారంలో పాల ప్యాకెట్లకి డబ్బులు వేయబోతే ఫోన్‌పే పోలేదు. ఖాతాలో లావాదేవీలు ఆగాయి. కేవైసీ. నేను సెలవు పెట్టి వెళ్లి నాన్నని బ్రాంచికి తీసుకెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో, ఖాతా నంబర్ కొట్టగానే తలెత్తింది.

"సార్, మీరేనా! పది రోజుల కిందట నేనే ఫోన్ చేశానండీ నా సెల్ నుంచి. పుట్టినతేదీ అడిగితే ఏదో నంబర్ చెప్పమని కట్ చేసేశారు."

"నువ్వు చెప్పలేదు కదమ్మా" అన్నాడు నాన్న.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను రెండు ముక్కల్లో రైల్వే సంగతి చెప్పాను. ఫారాలు నింపి, ఆధార్ జిరాక్స్ ఇచ్చి, వేలిముద్ర వేసేసరికి పదకొండు నలభై అయింది. నాన్న సంచిలోంచి డైరీ తీసి టైము రాసుకున్నాడు, పక్కన ఆ అమ్మాయి పేరు అడిగి రాసుకున్నాడు. కదలకుండా అలాగే నిలబడ్డాడు. వెనక క్యూలో ఎవరో దగ్గారు.

"నలభై ఏడు సార్" అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

"నాలుగు, ఏడు, నలభై ఏడు" అని రాసుకున్నాడు నాన్న. "ఈసారి ఫోన్ చేసినప్పుడు ఇది చెప్పమ్మా. ఒక్కసారికే. తర్వాత కొట్టేస్తా."